లారీ ప్రమాదం తర్వాత: పోలీసు కేసు వేరు, పరిహారం వేరు

2025 నవంబర్ మొదట్లో చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర లోడుతో వస్తున్న టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. టిప్పర్‌లోని కంకర బస్సులోకి ఒరిగి ప్రయాణికులు దాని కింద కూరుకుపోయారు. అలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ ఆ ఊళ్లలో కొన్ని ప్రశ్నలు వినిపిస్తాయి. ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇచ్చింది కదా, మళ్లీ కోర్టుకెందుకు? డ్రైవర్ చనిపోతే కేసు ఎవరి మీద? తప్పు బస్సుదా, టిప్పర్‌దా అని తేలేదాకా డబ్బు రాదా?

ఈ ప్రశ్నలన్నీ ఒకే గందరగోళంలోంచి వస్తున్నాయి. లారీ ఢీకొన్న క్షణం నుంచి మూడు వేర్వేరు వ్యవహారాలు మొదలవుతాయి. డ్రైవర్‌ను శిక్షించాలా అన్నది క్రిమినల్ కేసు. బాధితులకు జరిగిన నష్టానికి ఎవరు ఎంత కట్టాలన్నది పరిహారం కేసు. దెబ్బతిన్న బండి బాగు చేయించుకోవడం బీమా క్లెయిమ్. మూడింటికీ అధికారులు వేరు, రుజువుల కొలత వేరు, గడువులు వేరు. ఒకటి ఆగిందని ఇంకొకటి ఆగాల్సిన పని లేదు. ఇక ఎక్స్‌గ్రేషియా అనేది ప్రభుత్వం దయతో ఇచ్చేది, పరిహారం చట్టం ఇచ్చిన హక్కు. మొదటిది తీసుకున్నంత మాత్రాన రెండోది పోదు.

మొదటి గంటలు: వైద్యం, ఆ వెంటనే పుట్టే కాగితాలు

ప్రమాదం జరిగిన మొదటి గంటను చట్టం 'గోల్డెన్ అవర్' అంటోంది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. ఏ రోడ్డు మీద జరిగినా, ఏ వాహనం వల్ల జరిగినా ఇది వర్తిస్తుంది. ఫోన్ విషయంలో 108, 112 అందరికీ తెలిసినవే. జాతీయ రహదారి మీద 1033 కూడా పనిచేస్తుంది, రోడ్డుకు అడ్డంగా పడిన లారీని తీయించే క్రేన్ ఆ నంబరు ద్వారానే వస్తుంది.

గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చితే పోలీసుల చుట్టూ తిరగాలన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఆ భయం తీర్చడానికే పెట్టారు. సాయం చేసినవాళ్లు పేరు, అడ్రసు చెప్పక్కర్లేదు, సాక్షిగా ఉండమని బలవంతపెట్టకూడదు, వాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదు.

ఆసుపత్రిలో చేర్చాక డాక్టర్లు దాన్ని 'ఎమ్మెల్సీ'గా, అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసుగా నమోదు చేస్తారు. అక్కడి నుంచి కాగితాల వరస మొదలవుతుంది: ఎఫ్‌ఐఆర్, ఘటనాస్థలి పంచనామా, స్కెచ్, గాయాల వివరాలు రాసిన వూండ్ సర్టిఫికెట్, ప్రాణం పోతే శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, లారీని పరీక్షించిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చే ఎంవీఐ రిపోర్టు, చివరికి చార్జిషీటు. మూడేళ్ల తర్వాత ట్రిబ్యునల్ ముందు, అంటే రోడ్డు ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు ముందు మాట్లాడేవి ఇవే. ఆసుపత్రి రికార్డులో ఆ మొదటి రాత్రి 'బైక్ మీంచి పడ్డాడు' అని రాసి, ఎఫ్‌ఐఆర్‌లో 'లారీ గుద్దింది' అని ఉంటే, బీమా కంపెనీ లాయరు మొదట పట్టుకునేది ఆ తేడానే. తోడు వచ్చిన బంధువు కంగారులో చెప్పిన ఒక్క ముక్క అలా కేసంతటి మీదా నీడ వేస్తుంది.

2022 నుంచి వచ్చిన కొత్త నిబంధనలు పోలీసుల మీదే పెద్ద బాధ్యత పెట్టాయి. ప్రమాదం సమాచారం అందిన 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక వాళ్లు ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుడు లాయర్‌ను వెతుక్కోకముందే కేసు ట్రిబ్యునల్ దృష్టికి రావాలన్నది ఉద్దేశం. 2022 డిసెంబర్‌లో గోహర్ మహ్మద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని చెప్పింది. స్టేషన్లలో అమలు మాత్రం ఇంకా ఒకే తీరుగా లేదు. అందుకే చాలా కుటుంబాలు ఇప్పటికీ తామే లాయరు ద్వారా పిటిషన్ వేస్తున్నాయి. మన కోర్టుల్లో దాన్ని ఎం.వి.ఓ.పి., అంటే మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్ అంటారు.

డ్రైవర్ పారిపోతే అది 'హిట్ అండ్ రన్' అయిపోతుందా?

కాదు. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. చట్టం లెక్కలో హిట్ అండ్ రన్ అంటే ఎంత వెతికినా ఏ బండి గుద్దిందో తెలియకపోవడం. డ్రైవర్ దూకి పారిపోయినా లారీ అక్కడే ఉంటే, లేదా నంబరు ఎవరికైనా గుర్తుంటే, టోల్‌గేట్ కెమెరాకు చిక్కితే అది మామూలు పరిహారం కేసే. నంబరు తెలిస్తే ఓనరు ఎవరో, బీమా ఏ కంపెనీలో ఉందో ఆర్టీఏ రికార్డుల్లో దొరుకుతుంది.

తేడా ఎంతంటే, బండి దొరక్కపోతే చనిపోయినవారి కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు, అంతే. దరఖాస్తు ఆర్డీఓ స్థాయి అధికారి దగ్గర పెట్టాలి. బండి దొరికితే కింద చూడబోయే లెక్కలు వర్తిస్తాయి, అవి పదుల లక్షల దాకా వెళ్తాయి. అందుకే సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే పోలీసులు తీసుకున్నారా లేదా అన్నది అంత ముఖ్యం.

పారిపోవడం మీద ఇంకో వాదన కూడా నడుస్తోంది. భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్‌కు రెండు భాగాలున్నాయి. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల వరకు జైలు అన్నది మొదటిది. పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు అన్నది రెండోది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశమంతా బళ్లు ఆపేసింది ఈ రెండో భాగం మీదే. పెట్రోల్ బంకుల ముందు క్యూలు కట్టిన రోజులు హైదరాబాదు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆగితే జనం కొట్టి చంపుతారన్నది డ్రైవర్ల మాట, అది ఉత్త భయం కాదు. ఆగకపోతే బతకాల్సిన మనిషి రోడ్డు మీదే పోతాడన్నది బాధిత కుటుంబాల మాట, అదీ నిజమే. 2024 జూలై 1న న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు కేంద్రం ఆ రెండో భాగాన్ని పక్కన పెట్టి మిగతాది అమలు చేసింది. అయితే ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి అన్న బాధ్యత మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లో ఎప్పటినుంచో ఉంది. చుట్టూ మూగిన జనం వల్ల ముప్పు ఉంటే అక్కడే ఉండి వైద్యం చూసే బాధ్యత నుంచి మినహాయింపు కూడా అందులోనే ఉంది.

డబ్బు ఎవరు కట్టాలి

లారీ డ్రైవర్ నెల జీతగాడు. లక్షలు అతని దగ్గర ఉండవు. జీతానికి పెట్టుకున్న మనిషి పనిలో ఉండగా చేసిన తప్పుకు ఓనరు బాధ్యుడు, ఓనరు తీసుకున్న థర్డ్ పార్టీ బీమా వల్ల ఆ భారం కంపెనీ మీదికి వెళ్తుంది. థర్డ్ పార్టీ అంటే ఓనరూ కాదు, బీమా కంపెనీ కూడా కాదు, మూడో మనిషి, అంటే మనం. ఈ బీమా లేకుండా రోడ్డెక్కడం నేరం. మనిషి ప్రాణానికి, గాయానికి దీని కింద పైపరిమితి లేదు. ఆస్తి నష్టానికి మాత్రం లారీ పాలసీల్లో మామూలుగా రూ.7.5 లక్షల పరిమితి ఉంటుంది.

డ్రైవర్ అక్కడికక్కడే చనిపోయినా పరిహారం కేసు ఓనరు, కంపెనీల మీద నడుస్తుంది. క్రిమినల్ కేసులో డ్రైవర్ నిర్దోషిగా బయటపడినా పరిహారం కేసు దానంతటది కూలిపోదు. శిక్ష వేయాలంటే అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. పరిహారానికి 'ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది' అన్నంత తేలితే చాలు.

లారీలు చేతులు మారుతూ ఉంటాయి. అమ్మేసి సంతకాలు పెట్టి, ఆర్సీ పేరు మార్చకుండా వదిలేస్తారు. అలాంటి కేసుల్లో ఎవరు ఓనరు? రికార్డులో పేరున్నవాడే అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 'నేనెప్పుడో అమ్మేశాను' అన్న మాట బాధితుడిని ఆపలేదు.

బీమా కంపెనీ కాదన్నప్పుడు

కంపెనీ వేసే అడ్డుపుల్లలు చట్టం అనుమతించినవి కొన్నే: డ్రైవర్‌కు సరైన లైసెన్స్ లేదు, పర్మిట్ లేదు, పాలసీ షరతు తప్పారు, ఇలాంటివి. వాటిలో ఎక్కువ కోర్టు సమయం తిన్నది లైసెన్సే. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో చిన్న సరుకు బండి నడిపితే అది లైసెన్స్ లేనట్టేనా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి నలిగింది. 2024 నవంబర్ 6న రంభాదేవి కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దీన్ని ముగించింది: బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే ఎల్‌ఎంవీ లైసెన్స్ చాలు, రవాణా వాహనమని వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. పన్నెండు చక్రాల లారీకి మాత్రం హెవీ లైసెన్స్ తప్పదు.

లైసెన్స్ నిజంగానే లేకపోతే? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. కంపెనీ ముందు బాధితుడికి కట్టాలి, ఆ తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి. 'పే అండ్ రికవర్' అంటారు. ఓనరూ కంపెనీ మధ్య తగాదా బాధితుడి నెత్తిన పడకుండా ఇది కాపాడుతుంది. షరతులు తప్పినవాళ్ల తరఫున మేమెందుకు ముందుగా కట్టాలి, రికవరీ చాలాసార్లు కాగితం మీదే మిగిలిపోతోంది అన్నది కంపెనీల అభ్యంతరం. అందులోనూ నిజం లేకపోలేదు. ఆ భారం చివరికి నిజాయితీగా ప్రీమియం కట్టే మిగతా ఓనర్ల మీద పడుతుంది.

మన రాష్ట్రాల్లో అందరికంటే అన్యాయమైపోయేది సరుకు బండెక్కిన మనుషులు. చివరి బస్సు దాటిపోతే లారీ క్యాబిన్‌లో ఎక్కినవాళ్లు, మిరప కోతలకు ట్రాలీ ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే కూలీలు. సరుకు రవాణా వాహనంలో సరుకు యజమాని లేదా అతని ప్రతినిధి ప్రయాణిస్తే బీమా ఉంది. ఊరికే ఎక్కినవాళ్ల విషయంలో కంపెనీకి బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఇరవై ఏళ్లు దాటింది. అప్పుడు మిగిలేది ఓనరే, అతని దగ్గర ఆస్తి లేకపోతే తీర్పు గోడకు తగిలించుకోవడానికే. తర్వాత వచ్చిన కొన్ని కేసుల్లో ఇక్కడ కూడా ముందు కట్టి తర్వాత వసూలు చేసుకోమని సుప్రీంకోర్టే ఆదేశించింది కాబట్టి వాదించడానికి చోటు ఉంది. కానీ రోజుకూలీ బతుకును అలాంటి సన్నటి దారం మీద వేలాడదీయడం బాధాకరం.

ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దితే తప్పెవరిది

వెనకనుంచి గుద్దినవాడిదే తప్పని జనం అనుకుంటారు. మామూలుగా అది సరైనదే. అయితే రాత్రి రెండు గంటలకు విజయవాడ హైవే మీద టెయిల్ లైట్లు లేకుండా, రిఫ్లెక్టివ్ టేపు ఊడిపోయి, ఇండికేటర్ వేయకుండా సగం రోడ్డు ఆక్రమించి నిలబెట్టిన లారీ సంగతి వేరు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండి వదిలేయడాన్ని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షనే నిషేధిస్తోంది. కాబట్టి ట్రిబ్యునల్ చూసేది ఏ బండి కదులుతోంది అన్నది ఒక్కటే కాదు. లారీ ఎక్కడ ఆగింది, పక్కన ఖాళీ ఉందా, వెలుగు ఉందా, కారు వేగమెంత, బ్రేకు గీతలు ఉన్నాయా అన్నవన్నీ చూస్తుంది. స్కెచ్, ఎంవీఐ రిపోర్టు, ఎవరైనా ఫోన్‌లో తీసిన ఫొటోలు ఇక్కడ ప్రాణం పోస్తాయి. తెల్లారేసరికి క్రేన్ వచ్చి అన్నీ తీసేస్తుంది మరి.

ఇద్దరిదీ తప్పని తేలితే రెండు పరిస్థితులు. బాధితుడి తప్పు కూడా ఉంటే అతని వాటా మేరకు పరిహారం తగ్గుతుంది. రూ.20 లక్షల పరిహారంలో అతని తప్పు పావు వంతు అని తేలితే రూ.15 లక్షలే వస్తాయి. బాధితుడు ఏ తప్పూ లేని మూడో మనిషి అయితే లెక్క మారుతుంది. బస్సులో కూర్చున్న ప్రయాణికుడికి బస్సు డ్రైవర్ తప్పెంత, టిప్పర్ డ్రైవర్ తప్పెంత అన్న పంపకంతో పని లేదు. రెండు వైపుల్లో ఏ వైపు నుంచైనా మొత్తం పరిహారం వసూలు చేసుకోవచ్చని 2015లో ఖేన్యీ కేసు తీర్పు చెబుతోంది. వాటాల సంగతి ఆ ఇద్దరూ తర్వాత తేల్చుకోవాలి. మీర్జాగూడ లాంటి ప్రమాదంలో ప్రయాణికుల కుటుంబాలు 'తప్పెవరిదో తేలనీ' అని ఎదురుచూడాల్సిన అవసరం లేదన్నది అందుకే.

ప్రాణానికి లెక్క ఎలా కడతారు

వినడానికి కష్టంగా ఉన్నా, ఈ లెక్కకు ఒక పద్ధతి ఉంది. 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 అక్టోబర్ 31 నాటి ప్రణయ్ సేథీ తీర్పు దానికి ఆధారాలు. ఒక ఉదాహరణ తీసుకుందాం.

తాపీ మేస్త్రీ, వయసు 34, నెలకు రూ.18,000 సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. వయసు నలభై లోపు, సొంతంగా పని చేసుకునేవాడు కాబట్టి భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు: రూ.25,200. ఆధారపడినవారు నలుగురు, కాబట్టి అతని సొంత ఖర్చుల కింద పావు వంతు తీసేస్తారు: రూ.18,900. ఏడాదికి రూ.2,26,800. ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో వయసును బట్టి చెప్పే అంకెను గుణకం అంటారు, 31 నుంచి 35 ఏళ్ల వయసుకు అది 16. గుణిస్తే రూ.36,28,800. దీనికి తోడు తోడును కోల్పోయినందుకు భార్యకు, తండ్రిని కోల్పోయినందుకు ఇద్దరు పిల్లలకు, కొడుకును కోల్పోయినందుకు తల్లికి ఒక్కొక్కరికి కొంత. ప్రణయ్ సేథీ దీన్ని రూ.40,000గా పెట్టి మూడేళ్లకోసారి పది శాతం పెంచమంది, 2023 తర్వాత అది రూ.48,400. నలుగురికీ కలిపి రూ.1,93,600. అంత్యక్రియలకు, ఎస్టేట్ నష్టానికి (అంటే చనిపోయినవారి ఆస్తిపాస్తులకు కలిగిన నష్టానికి) రూ.18,150 చొప్పున. మొత్తం రూ.38,58,700. దీని మీద వడ్డీ వేరు.

ఇప్పుడు ఒక్క అంకె మార్చి చూద్దాం. ఆ మేస్త్రీ సంపాదనకు ఏ ఆధారమూ లేదు, ట్రిబ్యునల్ నెలకు రూ.10,000 అని అనుకుంది. అప్పుడు రూ.36,28,800 కాస్తా రూ.20,16,000 అవుతుంది. పదహారు లక్షలకు పైగా తేడా ఒక్క కాగితం లేకపోవడం వల్ల. ఫోన్‌పే లెక్కలు, బ్యాంకు పాస్‌బుక్, కార్మిక కార్డు, పని ఇచ్చిన కాంట్రాక్టరు వాంగ్మూలం అప్పుడు పనికొస్తాయి. ఇంట్లో పని చేసే ఆడవాళ్ల విషయంలో 'ఆదాయం లేదు' అన్న వాదనను కోర్టులు ఒప్పుకోవడం లేదు. 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు గృహిణి శ్రమకు విలువ కట్టాల్సిందేనని, భవిష్యత్ పెరుగుదల కూడా కలపాలని చెప్పింది.

బతికి బయటపడి అవయవం పోయినవారి లెక్క ఇంకో రకం. 28 ఏళ్ల డెలివరీ కుర్రాడికి నెలకు రూ.15,000. లారీ చక్రం కింద కాలు పోయింది. మెడికల్ బోర్డు 60 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చింది. 40 శాతం కలిపితే రూ.21,000, ఏడాదికి రూ.2,52,000, గుణకం 17, మొత్తం రూ.42,84,000. అందులో 60 శాతం రూ.25,70,400. కానీ ఆ కుర్రాడికి బండి నడపడమే బతుకుతెరువు, మరో పని రాదు. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: సర్టిఫికెట్‌లో శాతం ఎంతన్నది కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది చూడాలి. అది నూటికి నూరు శాతం అని తేలితే రూ.42,84,000 మొత్తం వస్తుంది. వైద్యం ఖర్చు, నొప్పి, కృత్రిమ కాలు, మనిషి సాయం వీటికి అదనం.

తప్పు నిరూపించే ఓపిక లేనివాళ్లకు 164వ సెక్షన్ కింద మరో దారి ఉంది. ఎవరి తప్పన్నది చూడకుండా ప్రాణం పోతే రూ.5 లక్షలు, తీవ్ర గాయమైతే రూ.2.5 లక్షలు. త్వరగా వస్తుంది. దాన్ని చట్టం చెప్పిన పద్ధతిలో ఒప్పుకుంటే ట్రిబ్యునల్‌లో ఉన్న పెద్ద క్లెయిమ్ రద్దయిపోతుంది. పైన మేస్త్రీ కుటుంబం రూ.5 లక్షలకు సంతకం పెడితే ఏం వదులుకుంటోందో అంకెలే చెబుతున్నాయి. తప్పు పూర్తిగా చనిపోయిన మనిషిదే అయిన కేసులో మాత్రం అదే రూ.5 లక్షలు పెద్ద ఆసరా.

ఆరు నెలల గడువు మీద గొడవ

1994లో పార్లమెంటు పరిహారం కేసులకు గడువు పూర్తిగా తీసేసింది. 2019 సవరణ దాన్ని తిరిగి తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని 166వ సెక్షన్ అంటోంది. ఏళ్ల తర్వాత వచ్చే దొంగ క్లెయిములను ఆపడానికి ఇది అవసరమని సమర్థించేవాళ్ల వాదన. ఆరు నెలలు ఆసుపత్రిలోనే ఉన్నవాడు, దశదిన కర్మలు కాకముందే అప్పులవాళ్లను ఎదుర్కొన్న కుటుంబం ఏం చేయాలన్నది వ్యతిరేకించేవాళ్ల ప్రశ్న. దీని చెల్లుబాటు సుప్రీంకోర్టు ముందుంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబర్‌లో ఆ కోర్టు మధ్యంతరంగా ఆదేశించింది. అది తుది తీర్పు కాదు, చట్టంలో ఆరు నెలలు అన్న మాట అలాగే ఉంది.

ఎక్కడ వేయాలన్న విషయంలో చట్టం ఉదారంగానే ఉంది. నాగ్‌పూర్ దగ్గర ప్రమాదం జరిగినా, లారీ రాజస్థాన్‌దైనా, కుటుంబం ఉండే కరీంనగర్‌లోనో గుంటూరులోనో పిటిషన్ వేసుకోవచ్చు.

కారు బాగు చేయించుకోవడం, రోడ్డు మీద రాజీ

కారు రిపేరుకు రూ.3 లక్షలైందనుకుందాం. సొంత సమగ్ర పాలసీ ఉంటే త్వరగా అయ్యే దారి అదే. రిపేరు మొదలుకాకముందే కంపెనీకి చెప్పాలి, సర్వేయరు వచ్చి చూడాలి. అరుగుదల తీసేసి ఇస్తారు, నో క్లెయిమ్ బోనస్ పోతుంది. సొంత కంపెనీ ఇవ్వని మిగతా భాగాన్ని లారీ బీమా నుంచి ట్రిబ్యునల్ ద్వారా అడగవచ్చు, ఒకే నష్టానికి రెండుసార్లు తీసుకోవడం కుదరదు.

ఓనరు మనిషి వచ్చి పదివేలో ఇరవైవేలో చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడగడం మన రోడ్ల మీద రోజూ జరిగేదే. బంపరు వంగిన కేసులో అది అందరికీ సుఖం. మనిషికి దెబ్బ తగిలినప్పుడు మాత్రం లోపలి రక్తస్రావం, వెన్ను దెబ్బ మర్నాటికి గానీ బయటపడవు. ఎఫ్‌ఐఆర్ లేకుండా రాజీ కుదిరిపోయాక ఆ ప్రమాదం జరిగిందనడానికే రికార్డు మిగలదు.

ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చాక సొమ్ము 30 రోజుల్లో జమ చేయాలి. వివాదం లక్ష రూపాయల పైబడితే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లే వీలు రెండు పక్షాలకూ ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అప్పీలు ఉండదు, డబ్బు త్వరగా అందుతుంది, మొత్తం కాస్త తగ్గుతుంది. వచ్చిన సొమ్ములో పిల్లల వాటాను మామూలుగా వాళ్ల మైనారిటీ తీరేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తారు. ఫీజులకో వైద్యానికో ముందే కావాలంటే తల్లి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుని తీసుకోవచ్చు.